మూతబడిన బడికి మూడు మ్యూజియంలు

గత సంచిక చివరి పేజీలో జర్మనీ దేశపు దెస్సౌ నగరంలోని బౌహౌస్ (1919 నుంచి 1933 వరకు నడిచిన కళల, చేతిపనుల బడి) మ్యూజియం ఫొటోను ఒక చిన్న పరిచయంతో ప్రచురించాము. దాని గురించి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు రాసినవే. మగ్గాలూ కొమ్ముపనీ ఉన్న ఊళ్ళ నుంచి ఇన్ని ప్రశ్నలు రావడం ఆశ్చర్యమేమీ కాదు. ఈ నెల ప్రశ్నల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము. తమ పేరు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరి విషయంలోనూ ఊరి పేరుతో సరిపెట్టాము.

ప్రశ్న: మా అమ్మాయి డిజైన్ కోర్సు ప్రవేశ పరీక్షకు చదువుతోంది. ఏ పుస్తకం తెరిచినా బౌహౌస్ పేరు కనబడుతోంది. తీరా చూస్తే ఆ బడి పద్నాలుగేళ్ళు మాత్రమే నడిచిందట. అంత కొద్దికాలం నడిచిన బడికి మూడు మ్యూజియంలు ఎందుకు? వాటిలో ఏమి దాచారు? (ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: బౌహౌస్‌ను వాల్టర్ గ్రోపియస్ అనే వాస్తుశిల్పి 1919లో వైమార్ నగరంలో స్థాపించాడు. బొమ్మలు వేయడం నేర్పే బడినీ చేతిపనులు నేర్పే బడినీ ఒకటిగా కలిపి, చిత్రకారుడు, వడ్రంగి, కుమ్మరి, నేతగత్తె ఒకే కప్పు కింద పనిచేయాలన్నది అతని సంకల్పం. చేరిన విద్యార్థి మొదట ఆరు నెలలపాటు కాగితం, గాజు, కర్ర, రేకు, నూలు వంటి పదార్థాలను చేతితో పట్టి, వంచి, కత్తిరించి, వాటి గుణం తెలుసుకునేవాడు. ఆ తరువాతే ఏదో ఒక పనిశాలలో చేరేవాడు. వైమార్ రోజులలో ప్రతి పనిశాలకూ ఇద్దరు గురువులు ఉండేవారు: రూపాన్ని గురించి చెప్పే కళాకారుడు ఒకరు, పనితనం నేర్పే కార్మిక నిపుణుడు ఒకరు. పాల్ క్లే, కాండిన్‌స్కీ వంటి చిత్రకారులు అక్కడ పాఠాలు చెప్పినవారే.

మూడు మ్యూజియంలకు కారణం ఆ బడి పడిన కష్టాలే. వైమార్‌లో ప్రభుత్వం మారి నిధులు తగ్గించగా 1925లో బడి దెస్సౌకు తరలింది. అక్కడ గ్రోపియస్ గీసిన కొత్త భవనం 1926 డిసెంబరులో ప్రారంభమైంది. 1928లో గ్రోపియస్ తప్పుకోగా హానెస్ మేయర్, 1930 నుంచి మీస్ వాన్ డెర్ రోహె నడిపారు. దెస్సౌ నగర సభలో నాజీలు బలపడి 1932లో బడిని మూయించారు. మీస్ దానిని బెర్లిన్‌లోని ఒక పాత టెలిఫోన్ ఫ్యాక్టరీకి మార్చాడు. 1933 ఏప్రిల్ 11న పోలీసులు సోదా చేసి సీలు వేశారు. జూలైలో అధ్యాపకులే బడిని మూసివేస్తున్నట్టు తీర్మానించుకున్నారు. ఊరు మారిన ప్రతిసారీ కొన్ని వస్తువులు అక్కడే ఉండిపోయాయి, కొన్ని మనుషులతో పాటు దేశాలు దాటాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ రెండు దేశాలుగా విడిపోయింది. వైమార్, దెస్సౌ తూర్పు భాగంలోకి పోగా, దాచుకునే పని పశ్చిమాన విడిగా మొదలైంది.

వైమార్ సంగతి చూడండి. 1925లో ఊరు విడిచి వెళ్ళేటప్పుడు గ్రోపియస్ పనిశాలల నుంచి 168 వస్తువులను ఏరి ఆ ఊరి కళా సంగ్రహానికి అప్పగించాడు. బౌహౌస్ వస్తువుల మ్యూజియం సేకరణలలో అన్నిటికంటే పాతది అదే. నేటి వైమార్ మ్యూజియానికి మూలం ఆ 168 వస్తువులే. 2019 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త భవనంలో ఇప్పుడు వాటిని చూడవచ్చు. పశ్చిమాన హాన్స్ మరియా వింగ్లర్ అనే కళాచరిత్రకారుడు 1960లో డార్మ్‌స్టాట్‌లో బౌహౌస్ ఆర్కైవ్‌ను ప్రారంభించాడు. అది 1971లో బెర్లిన్‌కు తరలింది. దానికోసం గ్రోపియస్ స్వయంగా గీసిన భవనం అతను పోయిన పదేళ్ళకు, 1979లో, మార్పులతో పూర్తయింది. ఆ భవనాన్ని 2018లో మరమ్మతులకూ విస్తరణకూ మూశారు. ఇక దెస్సౌ. యుద్ధంలో బాంబు దెబ్బ తిన్న బడి భవనాన్ని 1976లో పునరుద్ధరించినప్పుడు అక్కడా సేకరణ మొదలైంది. 2019 సెప్టెంబరులో తెరిచిన దెస్సౌ మ్యూజియం సంస్థ వద్ద నేడు సుమారు 49,000 వస్తువులు ఉన్నాయి.

ఏమి దాచారన్న మీ ప్రశ్నకు చాలామంది కుర్చీలు, దీపాలు, టీ కెటిళ్ళు అని జవాబిస్తారు. 1925లో మార్సెల్ బ్రాయర్ ఉక్కు గొట్టాలను వంచి చేసిన కుర్చీ, 1924లో మరియాన్నె బ్రాంట్ చేసిన టీ పాత్ర, విల్‌హెల్మ్ వాగెన్‌ఫెల్డ్ పేరున్న గాజు దీపం నిజంగానే అక్కడ ఉన్నాయి. అవి ఫొటోలకు బాగుంటాయి. అయితే నా దృష్టిలో ఆ మ్యూజియంల అసలు ఆస్తి వేరు: విద్యార్థులు మొదటి ఆరు నెలలలో చేసిన కాగితపు మడతలు, రంగుల అభ్యాసాలు, క్లాసులో రాసుకున్న నోట్సు, నేత నమూనాల ముక్కలు, ఉత్తరాలు, ఫొటోలు. వస్తువు చేసిన తీరు వాటివల్లనే తెలుస్తుంది. కుర్చీని ఎవరైనా కొలిచి మళ్ళీ చేయగలరు. ఆ కుర్చీ దగ్గరకు చేరే లోపల ఎన్ని పద్ధతులు ప్రయత్నించి వదిలేశారో కాగితం చెబితే తప్ప తెలియదు. మీ అమ్మాయి పరీక్షకు పేర్లూ సంవత్సరాలూ కావాలి, తప్పదు. కానీ ఆమె ఆ అభ్యాసాలను ఒకటి రెండు ఇంట్లో తన చేతితో చేసి చూస్తే, ఒక్క కాగితాన్ని అతికించకుండా మడతలతోనే నిలబెట్టడం వంటివి, పుస్తకం ఇవ్వనిది దొరుకుతుంది.

ప్రశ్న: మాది పట్టు మగ్గం ఉన్న ఇల్లు. తాతల కాలం నుంచి ఫొడ కుంభం (గుడి గోపురం ఆకారపు) అంచు చీరలూ మగవారి జోడులూ నేస్తున్నాము. బౌహౌస్‌లో నేత కూడా ఉండేదని మా అబ్బాయి చెప్పాడు. అక్కడివారు నేసిన గుడ్డ ముక్కను అద్దాల పెట్టెలో పెడతారు, మేము నేసిన చీరను బేరమాడి కొంటారు. ఈ తేడా ఎందుకండీ? మా అటక మీద పాత నమూనా గుడ్డలు, గ్రాఫ్ కాగితాలు, జకార్డు అట్టలు (మగ్గం మీద డిజైన్ నేయించే చిల్లుల అట్టలు) మూటలుగా ఉన్నాయి. ఉంచమంటారా, తీసేయమంటారా? (ఒక నేత కార్మికుడు, బరంపురం)

జవాబు: ముందు చివరి ప్రశ్నకు జవాబు: దయచేసి ఒక్క ముక్క కూడా తీసేయవద్దు. కారణం చెప్పాలంటే మీ మొదటి ప్రశ్నలోకి వెళ్ళాలి.

మీరు అడిగిన ఆ తేడా బౌహౌస్ లోపలే ఉండేది. ఆడ, మగ అందరినీ సమానంగా చేర్చుకుంటామని ప్రకటించి మొదలుపెట్టిన బడి అది. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో చేరేసరికి పెద్దలకు భయం పుట్టింది. బడికి 'గట్టి' పేరు రావాలంటే వడ్రంగం, లోహం, భవన నిర్మాణం మగవారివిగా ఉండాలనుకుని, 1920 నుంచి ఆడపిల్లలను వీలైనంతవరకు నేత వైపు మళ్ళించారు. గాజు పని నేర్చుకోవాలని 1922లో వచ్చిన ఆనీ ఆల్బర్స్ కూడా ఇష్టం లేకుండానే మగ్గం దగ్గరకు చేరింది. నేతను ఆ బడి పెద్దలే చిన్నచూపు చూశారనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

పైగా, నేర్పేవారికే పని పూర్తిగా రాదు. వైమార్‌లో ఉన్న మగ్గాలు హెలెనె బోర్నర్ అనే చేతిపనుల ఉపాధ్యాయిని సొంతవి. రూపం చెప్పే గురువు గేయోర్గ్ ముహె చిత్రకారుడు, నేత తెలిసినవాడు కాడు. రంగు అద్దకం ఎవరికీ సరిగా రాదు. గుంటా స్టోల్జెల్, బెనిటా ఒట్టె అనే ఇద్దరు విద్యార్థినులు క్రేఫెల్డ్ అనే పట్టు నేత పట్టణానికి వెళ్ళి అద్దకమూ నేత శాస్త్రమూ నేర్చుకుని వచ్చి తోటివారికి నేర్పారు. మీ వీధిలో ఈ పాఠం పదేళ్ళ పిల్లవాడికి ఇంట్లోనే దొరికి ఉంటుంది. 1927లో స్టోల్జెల్ ఆ పనిశాల బాధ్యత చేపట్టింది. ఆ బడిలో చదివి 'మాస్టర్' (గురువు) హోదాకు ఎదిగిన ఏకైక విద్యార్థిని ఆమె. 1931లో రాజకీయ ఒత్తిళ్ళ మధ్య ఆమె తప్పుకోవలసి వచ్చింది.

మరి వారి గుడ్డ అద్దాల పెట్టెలోకి ఎలా చేరింది? దెస్సౌలో స్టోల్జెల్ నాయకత్వంలో వారు గోడకు వేలాడదీసే చిత్రాల నుంచి పని వైపు మళ్ళారు. ఈ గుడ్డ ఏ గదిలో, ఏ పనికి, ఎంత రాపిడికి, ఎంత వెలుతురుకు నిలవాలి అన్న ప్రశ్నలతో చిన్న చిన్న నమూనాలు నేసి, ఏ నూలు, ఏ అల్లిక, ఏ రంగు అన్నది వాటితో పాటు రాసి పెట్టారు. కంపెనీల మగ్గాల మీదకు ఎక్కవలసిన నమూనాలు కనుక అలా రాయక తప్పలేదు. ఒక ఉదాహరణ చెబుతాను. బెర్లిన్ దగ్గర బెర్నౌలో హానెస్ మేయర్ కట్టిన కార్మిక సంఘాల పాఠశాల సభాభవనంలో శబ్దం ప్రతిధ్వనించేది. దాని గోడలకోసం ఆనీ ఆల్బర్స్ ఒక గుడ్డ నేసింది: వెనుక వైపు శబ్దాన్ని పీల్చే మెత్తని నూలు, ముందు వైపు వెలుతురును తిప్పికొట్టే సెలోఫేన్. 1930లో ఆమెకు డిప్లొమా తెచ్చినది ఆ గుడ్డే. 1933లో అమెరికాకు వలసపోయిన ఆమెకు 1949లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఏకవ్యక్తి ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఆ మ్యూజియంలో ఒక నేతకళాకారిణికి అలాంటి గౌరవం దక్కడం అదే మొదలు.

ఇప్పుడు మీ చీర దగ్గరకు వద్దాము. పనితనంలో మీ ఫొడ కుంభం అంచు వారి నమూనాలకు తీసిపోదని ఎవరైనా చెప్పగలరు; ఆ మాట చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. తేడా కాగితంలో ఉంది, పేరులో ఉంది. వారి గుడ్డతో పాటు నేసినవారి పేరు, సంవత్సరం, నూలు వివరం, ప్రయోజనం నిలిచాయి. మీ చీర ఇల్లు దాటగానే నేసినవారి పేరు పోతుంది. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, మంచిదే. అది ఊరి పేరును కాపాడుతుంది, మీ తాతగారి పేరును కాపాడదు. పాత చీరలను సేకరించే మ్యూజియం వారికి కూడా ఎవరు నేశారో తెలియదు కనుక చీటీ మీద ప్రాంతం పేరు రాసి ఊరుకుంటారు. బరంపురం ఠాకురాణి యాత్రలో, నేతవారైన దేరా కులపెద్ద దేశిబెహరా ఇంటి ఆడబిడ్డగా అమ్మవారిని పిలుచుకునే ఊరిలో, నేతవారి స్థానం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ గౌరవం ఏ చీర మీదా రాసి లేదు, అదే చిక్కు.

అందువల్ల అటక మీది మూటలను దించండి. జకార్డు అట్టల కట్ట ఉంటే, వరుస తప్పకుండా ప్రతి అట్ట మూలన పెన్సిలుతో అంకె వేయండి. వరుస చెడిన అట్టల నుంచి డిజైన్‌ను తిరిగి రాబట్టడం చాలా కష్టం. గ్రాఫ్ కాగితాలను మడత విప్పి, పగటి వెలుతురులో నేరుగా పై నుంచి ఫొటో తీయండి. ప్రతి నమూనా గుడ్డకూ చిన్న నూలు పట్టీ కుట్టి దానిమీద నేసినవారి పేరు, సుమారు సంవత్సరం, పడుగు పేకల వివరం, రంగు ఎక్కడ అద్దించారన్నది రాయండి. పిన్నులు, గమ్ము, సెల్లో టేపు వద్దు. పిన్ను తుప్పు పట్టి గుడ్డను తినేస్తుంది, టేపు జిగురు మరకై నిలిచిపోతుంది. పట్టును ప్లాస్టిక్ సంచిలో ఉంచకుండా, గంజి పోయేలా ఉతికిన తెల్లని మల్లు గుడ్డలో చుట్టండి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే పట్టు అక్కడే చీలుతుంది. కాబట్టి వీలైతే గొట్టానికి చుట్టండి, లేకపోతే కొన్ని నెలలకొకసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే వారి దగ్గర కూర్చుని ఫోనులో మాటలు రికార్డు చేయండి. నమూనా చూపించి అడిగితే, ఊరికే అడిగినప్పటికంటే ఎక్కువ గుర్తుకు వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి ఫొటో స్టూడియోలో పాత గాజు నెగెటివ్‌లు ఉన్నాయి. అలాంటివి మ్యూజియంకు పనికొస్తాయా? బౌహౌస్‌లో ఫొటోగ్రఫీకి చోటు ఉండేదా? (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: పనికొస్తాయి, బౌహౌస్ చరిత్రలోనే అందుకు చేదైన నిదర్శనం ఉంది. దెస్సౌ భవనాలనూ పనిశాలల వస్తువులనూ లూసియా మోహోలీ ఫొటోలు తీసింది. ఈనాటికీ పుస్తకాలలో మనం చూసే తెలుపు నలుపు చిత్రాలలో చాలా వరకు ఆమెవే. 1933లో ప్రాణభయంతో జర్మనీ విడిచి వెళ్ళేటప్పుడు గాజు నెగెటివ్‌లను వెంట తీసుకుపోలేక అక్కడే వదిలింది. అవి గ్రోపియస్ వద్దకు చేరాయి. అతను అమెరికాకు తీసుకుపోయి, బౌహౌస్ గురించిన ప్రచురణలలో ఆమె పేరు లేకుండా వాడుకున్నాడు. ఆ చిత్రాలు బయట కనబడుతున్న సంగతి తెలిసి ఆమె ఉత్తరాలు రాసింది, చివరికి లాయరును పెట్టుకుంది. సుమారు 560 నెగెటివ్‌లలో 230 మాత్రమే 1957లో ఆమెకు తిరిగి చేరాయి.

ఒక మ్యూజియం వస్తువుతో పాటు దాని పేరునూ కాపాడాలని చెప్పడానికి నేను ఈ ఒక్క కథనే ఎప్పుడూ ఉదహరిస్తాను. మీ స్టూడియో గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే విడదీసి, ఒక్కొక్కదానిని కాగితపు కవరులో ఉంచి నిలువుగా నిలబెట్టండి. బొమ్మ ఉన్న వైపు వేలు పెట్టవద్దు. కవరు మీద ఊరు, సందర్భం, తీసినవారి పేరు రాసి, ఆ తరువాతే కవరులో పలక పెట్టండి.

ప్రశ్న: బౌహౌస్ చిత్రకారుల బొమ్మలు స్వాతంత్ర్యానికి ముందే కలకత్తాకు వచ్చాయని ఎక్కడో చదివాను. నిజమేనా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఛత్రపురం)

జవాబు: నిజమే. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారి వార్షిక ప్రదర్శనలో బౌహౌస్ గురువుల, విద్యార్థుల రచనలను వేలాడదీశారు. క్లే, కాండిన్‌స్కీ, ఫైనింగర్, యోహానెస్ ఇట్టెన్ వంటివారి నీటిరంగు చిత్రాలు, గీతలు, చెక్క అచ్చుల ముద్రణలు వాటిలో ఉన్నాయి. వియన్నా నుంచి వచ్చి శాంతినికేతన్‌లో బోధించిన కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ఇందుకు ప్రధాన కారకురాలు. పక్కనే అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ ఠాగూర్ల వంటి బెంగాల్ చిత్రకారుల బొమ్మలు ఉన్నాయి. దెస్సౌ సంస్థ 2013లో ఈ సంఘటన మీదే ఒక ప్రదర్శన నిర్వహించింది.

ఇందులో నాకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. 1922 నాటికి వైమార్ బడికి మూడేళ్ళే. సొంత ఊరిలోనే దానిమీద తగువులు జరుగుతున్నాయి. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, మద్రాసు, కలకత్తాల మధ్య రైలు బరంపురం మీదుగానే పోయేది. ఛత్రపురం నుంచి వెళ్ళి ఆ ప్రదర్శన చూసి రావడం, జర్మనీలోని బవేరియా పల్లెల నుంచి వైమార్ చేరడానికి పట్టే కష్టం కంటే మరీ ఎక్కువేమీ కాదు.

ప్రశ్న: నేను భవన నిర్మాణ రంగంలో ఉన్నాను. అద్దాల గోడలు, చదునైన పైకప్పు మన ఎండకూ వానకూ తగినవేనా? భువనేశ్వర్ నగరం కూడా బౌహౌస్ వారే వేశారని కొందరంటారు. (ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: అద్దాల గోడ జర్మనీకే పూర్తిగా తగలేదు. దెస్సౌ భవనంలో పనిశాలల భాగానికి మూడంతస్తుల పొడవునా ఉక్కు చట్రాలలో ఒంటి పొర గాజు బిగించారు. వేసవిలో లోపల ఉడికిపోయేది, చలికాలంలో వేడి నిలిచేది కాదు. చూపులకు అద్భుతం, పనికి ఇబ్బంది. ఆ భవనాన్ని అభిమానించేవారు ఈ మాట దాచకూడదు. అందుకే కాబోలు, 2019 నాటి మ్యూజియంను తద్భిన్నంగా కట్టారు. బయట అంతా గాజే, అయినా సేకరణను ఉంచిన పై అంతస్తు పగటి వెలుతురు చొరబడని నల్లని కాంక్రీటు పెట్టె; అది రెండు చివరల మెట్ల భాగాల మీద ఆని, నేలకు ఎత్తున నిలిచి ఉంది. గుడ్డ, కాగితం వెలుతురుకు ఓర్చుకోలేవు. మ్యూజియంలలో వాటికి సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) మించకుండా వెలుగు ఇస్తారు. మన ఇంటి గదిలో రాత్రి దీపపు వెలుగు కూడా తరచు అంతకంటే ఎక్కువే.

భువనేశ్వర్ మాట సరిదిద్దవలసినది. 1948లో ఆ నగర ప్రణాళిక వేసిన ఓటో కోనిగ్స్‌బెర్గర్ జర్మన్ వాస్తుశిల్పే, నాజీల వల్ల దేశం విడిచినవాడే; కానీ బౌహౌస్ విద్యార్థి కాడు. బెర్లిన్‌లో చదువుకుని 1939లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. గ్రోపియస్‌తో నేరుగా సంబంధం ఉన్న మనవాడు కావాలంటే హబీబ్ రహమాన్ ఉన్నాడు. అమెరికాలో చదివి, గ్రోపియస్ దగ్గర పనిచేసి తిరిగి వచ్చి, బారక్‌పూర్ గాంధీ ఘాట్‌నూ ఢిల్లీ రవీంద్ర భవన్‌నూ కట్టాడు. నేర్చుకున్నదానికి ఆయన చజ్జాలు (ఎండను ఆపే సన్‌షేడ్లు), జాలీలు (గాలి ఆడే చిల్లుల తెరలు) చేర్చుకోవడం చూస్తే మీ ప్రశ్నకు ఒక అనుభవజ్ఞుడి జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: నాజీలు మూయించిన బడి కనుక అందులో చదివినవారందరూ నాజీ వ్యతిరేకులేనా? (ఒక విద్యార్థి, గుణుపురం)

జవాబు: కాదు. బౌహౌస్‌లో చదివిన ఓటి బెర్గర్ అనే నేతకళాకారిణి, వినికిడి లోపం ఉన్నప్పటికీ వేళ్ళ స్పర్శతో గుడ్డను అంచనా కట్టగల ప్రతిభావంతురాలు, యూదు కుటుంబంలో పుట్టిన కారణంగా 1944లో నాజీల ఆష్‌విట్జ్ శిబిరంలో హత్యకు గురైంది. ఆ శిబిర నిర్మాణ కార్యాలయంలో ప్రణాళికలు గీసినవారిలో ఒకడైన ఫ్రిట్జ్ ఎర్టిల్ కూడా దెస్సౌ బౌహౌస్‌లోనే, దాదాపు అదే కాలంలో చదివాడు. చాలాకాలం ఈ రెండో సంగతిని ఎవరూ గట్టిగా చెప్పలేదు. 2024లో వైమార్‌లో మూడు చోట్ల 'బౌహౌస్, నాజీయిజం' అనే అంశం మీద ప్రదర్శన జరిగింది. తన బడి పరువుకు నష్టమని తెలిసి కూడా ఒక మ్యూజియం ఆ పని చేయడాన్ని నేను ఎక్కువ గౌరవిస్తాను.

ప్రశ్న: మన కొరాపుట్‌లో గిరిజన మ్యూజియం ఉంది. కోట్‌పాడ్ నేతకూ, పర్లాకిమిడి కొమ్ముపనికీ బౌహౌస్ తరహా మ్యూజియం రావడానికి ఏమి చేయాలి? (ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: భవనంతో మొదలుపెట్టవద్దు. డార్మ్‌స్టాట్‌లో వింగ్లర్ ఆర్కైవ్ ప్రారంభించిన తరువాత దానికి సొంత భవనం పూర్తవడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఈలోగా అతను చేసినది గ్రోపియస్ మొదలైన పాతవారినీ వారి కుటుంబాలనూ కలిసి, కాగితాలనూ వస్తువులనూ అడిగి తెచ్చుకోవడం. కోట్‌పాడ్‌లో ఆల్ చెట్టు వేరుతో నూలుకు ఎరుపు ఎక్కించే మిర్గాన్ కుటుంబాలు ఉన్నాయి. పూర్తయిన గుడ్డలు ఎగ్జిబిషన్లలో కనబడుతూనే ఉంటాయి. ఎక్కడా కనబడనిది ఆ రంగు రావడంలోని మెట్లు: వేరు ఎంత ముదురుది, నూలుకు ముందుగా ఏమి పట్టించారు, ఎన్నిసార్లు ఉతికారు, ఏ మెట్టున ఏ ఛాయ వచ్చింది. ప్రతి మెట్టు దగ్గరా ఒక చిన్న లడి నూలు తీసి, తేదీ రాసి కట్టగలిగితే, అద్దినవారి అనుమతితోనూ వారి పేరుతోనూ, అది చాలు; అద్దె గదిలోని రెండు బీరువాలు కూడా మ్యూజియం పని చేస్తాయి. కొమ్ముపనికీ అంతే. పూర్తయిన కొంగ బొమ్మతో పాటు, వేడి చేసి చదును చేసిన కొమ్ము ముక్కనూ, సగం చెక్కినదానినీ, ఆకురాయినీ పక్కపక్కన ఉంచాలి. ఏ కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలన్నది తరువాతి మాట.

ప్రశ్న: మా మనవడు జర్మనీలో ఉద్యోగంలో చేరాడు. ఒకే ఒక్క రోజు వీలైతే మూడింటిలో దేనిని చూడమంటారు? (ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: దెస్సౌ వెళ్ళమనండి. బెర్లిన్ నుంచి రైలులో రెండు గంటలలోపే చేరవచ్చు. మ్యూజియంతో పాటు 1926 నాటి బడి భవనం, గురువుల ఇళ్ళు, తక్కువ ఆదాయం ఉన్నవారికోసం గ్రోపియస్ కట్టిన 314 ఇళ్ళ టోర్టెన్ కాలనీ, అన్నీ ఆ ఊళ్ళోనే ఉన్నాయి. టోర్టెన్‌లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి కనుక అక్కడ ఫొటోలు తీసేటప్పుడు మర్యాద పాటించమని చెప్పండి. ఒక రోజును రెండు రోజులు చేసుకోగలిగితే, బడి భవనంలో ఒకప్పుడు విద్యార్థులు ఉన్న గదులను బస కోసం అద్దెకు ఇస్తున్నారు, ముందుగా బుక్ చేసుకోవాలి.